టిప్పు ఎగ్గొట్టే యూరోపియన్లు, గోల చేసే అమెరికన్లు: ఈ ముద్రల్లో నిజమెంత?

హడ్సన్ గట్టు:
మా ఆఫీసుకి జర్మనీ, ఫ్రాన్స్ నుంచి మనుషులు వచ్చిపోతుంటారు. ఇక్కడి అమెరికన్లు సెలవు దొరికితే అటే వెళ్తారు. లంచ్ టేబుల్ దగ్గర రెండు వైపుల నుంచీ ఎప్పుడూ అవే ఫిర్యాదులు. యూరప్ టూరిస్టులు టిప్పు ఎగ్గొడతారట, మొహాన నవ్వు ఉండదట, వాళ్ళ దేశాలకి వెళ్తే మంచినీళ్ళకీ బాత్రూమ్‌కీ కూడా డబ్బులు గుంజుతారట. అటువాళ్ళు చెప్పేది వింటే, అమెరికన్లకి గొంతు తగ్గించడం రాదు, ప్రపంచం తెలీదు, సగం మందికి పాస్‌పోర్టే లేదు, ఆ నవ్వంతా పైపైనే. రెండు చోట్లా మనవాళ్ళు ఉన్నారు కదా, ఇందులో ఏది నిజం, ఏది అపోహ? "అన్ని చోట్లా మంచివాళ్ళూ ఉంటారు, చెడ్డవాళ్ళూ ఉంటారు" అనే జవాబులు మాత్రం వద్దు, ప్లీజ్.

ఇసార్ ఒడ్డున:
మ్యూనిక్ నుంచి రాస్తున్నా. టిప్పుతో మొదలుపెడతా, ఎందుకంటే మిగతావాటికి కూడా దారి అక్కడే ఉంది. అమెరికాలో టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస జీతం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టిప్పులతో కలిపినా మామూలు ఫెడరల్ కనీస వేతనం 7.25 డాలర్లు రాకపోతే మిగతాది యజమానే పూడ్చాలని రూల్ ఉంది, అది ఎంతవరకు జరుగుతుందో అక్కడున్నవాళ్ళే చెప్పాలి. మొత్తానికి వెయిటర్ జీతం కస్టమర్ జేబులోంచి వస్తోంది. ఫ్రాన్స్‌లో మెనూ మీద వేసిన ధరలోనే సర్వీస్ కలిసి ఉండాలి, అది చట్టం. ఇక్కడ జర్మనీలో వెయిటర్‌కీ అందరికీ ఉన్న కనీస వేతనమే. బిల్లు 37 యూరోలైతే "నలభై" అని ఇచ్చేస్తాం, అయిపోయింది. ఈ అలవాటుతో పెరిగినవాడు న్యూయార్క్‌లో దిగి రెండు డాలర్లు పెట్టి లేస్తే పిసినారి అంటారు. వాడి లెక్కలో వాడు ఉదారంగానే ఇచ్చాడు. నా ఉద్దేశంలో ఈ గొడవల్లో ముప్పాతిక వంతు ఇంతే: అవతలి దేశపు చట్టాన్ని అవతలి మనిషి గుణం అనుకోవడం.

డల్లాస్ బావ:
ఇసార్ అన్నా, వినడానికి బాగుంది గానీ నేను ఒప్పుకోను. తెలియక ఇవ్వలేదు అనే మాట 1995లో అయితే నమ్మేవాణ్ణి. ఇప్పుడు ఫ్లైట్ దిగకముందే ఏ వీధిలో ఏ ఐస్‌క్రీమ్ బాగుంటుందో ఫోన్‌లో చూసుకుని వచ్చేవాడికి టిప్పు సంగతి మాత్రం తెలియదా? తెలుసు. "మా దేశంలో లేదు" అని చెప్పుకుని డబ్బు మిగుల్చుకుంటాడు. మయామీ బీచ్‌లో చాలా రెస్టారెంట్లు బిల్లులోనే 18, 20 శాతం సర్వీస్ చార్జీ వేసేస్తాయి. ఎందుకు వేస్తున్నారంటారు? బయటి టూరిస్టుల మీద ఆశ వదులుకునే.

ఫ్రీమాంట్ తాతగారు:
ఇద్దరికీ ఒక మాట. మా కాలిఫోర్నియాలో ఆ 2.13 లెక్క లేదు. వాషింగ్టన్, ఒరెగాన్, నెవాడా, మోంటానా, మినెసోటా, అలాస్కాల్లో కూడా లేదు. వెయిటర్‌కి రాష్ట్రపు పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. అయినా ఇక్కడ కూడా 20 శాతానికి తగ్గితే మొహం మాడుతుంది. కాబట్టి చట్టం ఒక్కటే చెబితే చాలదు ఇసార్ గారూ. చట్టంతో మొదలైంది అలవాటైంది, అలవాటు మర్యాదైంది. ఇప్పుడు చట్టం మారిన చోట కూడా మర్యాద మారడం లేదు.

ఇసార్ ఒడ్డున:
తాతగారూ, ఆ పాయింట్ బాగుంది. కానీ అది డల్లాస్ బావకే ఎదురు. పూర్తి జీతం ఇచ్చే రాష్ట్రంలో కూడా 20 శాతం అడిగితే, బయటివాడు "ఎందుకు?" అనడంలో తప్పేముంది?

డల్లాస్ బావ:
అనొచ్చు. అని, ఇచ్చి, వెళ్ళొచ్చు.

పారిస్‌లో గుంటూరమ్మాయి:
టిప్పు గొడవ మీరు తేల్చుకోండి, నేను పొగరు సంగతి చెప్తా. పారిస్ షాపులవాళ్ళు మొరటువాళ్ళని అమెరికన్లు అనడానికి తొంభై శాతం కారణం ఒక్క పలకరింపు. ఇక్కడ షాపులోకి అడుగుపెట్టగానే ముందు బోంజూర్ అనాలి, తర్వాతే ఏదైనా అడగాలి. బస్సు డ్రైవర్‌కైనా, మందుల షాపులోనైనా అంతే. అమెరికన్ టూరిస్టు నవ్వుతూ వచ్చి నేరుగా "ఇది ఎంత?" అంటాడు. అతని లెక్కలో నవ్వే పలకరింపు. కౌంటర్ దగ్గరున్న ఆవిడ లెక్కలో మాత్రం ఎవరో తన ఇంట్లోకి చొరబడి పలకరించకుండా ఫ్రిజ్ తెరిచినట్టు. ఇక ఆవిడ ముక్కుసూటిగా, పొడిపొడిగా జవాబిస్తుంది. ఇద్దరూ ఎదుటివాళ్ళకి మర్యాద తెలియదనే అనుకుంటూ విడిపోతారు.

అలాగని పారిస్ అమాయకురాలు ఏమీ కాదు. 2013లో ఇక్కడి టూరిజం శాఖవాళ్ళు, చాంబర్ ఆఫ్ కామర్స్ కలిసి వెయిటర్లకీ టాక్సీవాళ్ళకీ హోటళ్ళకీ ఒక చిన్న పుస్తకం పంచారు, ఏ దేశం టూరిస్టుతో ఎలా మెలగాలో చెబుతూ. ఊరికి ఉన్న పేరేమిటో ఊరివాళ్ళకే తెలుసన్నమాట. తమాషా ఏమిటంటే ఆ పుస్తకంలో కూడా ఒక్కో దేశం మీద ఒక్కో ముద్రే: వీళ్ళు ఇన్నింటికి భోంచేస్తారు, వాళ్ళకి ఇలా మాట్లాడితే ఇష్టం అని.

డల్లాస్ బావ:
నవ్వు అంటే గుర్తొచ్చింది. జర్మన్లకి నవ్వు పడక వాల్‌మార్ట్ అక్కడ మూసుకుని వచ్చేసింది కదా? గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతూ పలకరిస్తుంటే జనం జడుసుకున్నారట. ఇసార్ అన్నా, దీనికి కూడా చట్టమే కారణమా?

ఇసార్ ఒడ్డున:
నిజంగానే చట్టం కూడా ఉంది బావా! ఆ కథ అందరికీ నచ్చుతుంది, ఎందుకంటే జర్మన్ అంటే మూతి ముడుచుకునే మనిషి అనే బొమ్మకి సరిగ్గా అతుకుతుంది. వాల్‌మార్ట్ 1997లో వచ్చింది, 2006లో తన 85 స్టోర్లనీ మెట్రో కంపెనీకి అమ్మేసి వెళ్ళింది. పలకరింపులు ఇక్కడివాళ్ళకి వింతగా అనిపించిన మాట వాస్తవమే. కానీ వాళ్ళు వచ్చేటప్పటికే ఆల్డీ, లిడ్ల్ అనే ఇక్కడి చవక సూపర్‌మార్కెట్లు ప్రతి పేటలో పాతుకుపోయి ఉన్నాయి, ధర తగ్గించడంలో వాటిని కొట్టడం కష్టం. వాల్‌మార్ట్ కొన్న ధర కంటే తక్కువకి పాలలాంటి సరుకులు అమ్ముతుంటే 2000లో ఇక్కడి పోటీ నియంత్రణ సంస్థ ఆపమంది. ఉద్యోగులు ఒకరితో ఒకరు ప్రేమలో పడకూడదని అమెరికా నుంచి తెచ్చిన రూల్ 2005లో డ్యూసెల్‌డార్ఫ్ కోర్టులో వీగిపోయింది. ఇన్ని ఉండగా నవ్వు ఒక్కదాన్నే ఏరుకుని చెప్పుకోవడం, దాన్నే అపోహ అంటాను.

సెవిల్ ఎండలు:
అసలు మీరంతా "యూరప్" అని ఎవరి గురించి మాట్లాడుతున్నారు? నేను స్పెయిన్‌లో ఉంటాను. రాత్రి పదకొండింటికి మా వీధిలో పిల్లలూ తాతయ్యలూ కలిసి చేసే సందడి వింటే అమెరికన్లు మౌనవ్రతం పట్టినట్టు ఉంటారు. అమెరికన్ గొంతు గురించి ఫిర్యాదు చేసేది ఎక్కువగా ఉత్తరాది యూరప్. వాళ్ళకి మా గొంతు కూడా ఎక్కువే. ఇంకో సంగతి, 2023లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం "మా ఊరికి అల్లరి చేయడానికైతే రాకండి" అని ఆన్‌లైన్‌లో ప్రకటనలు వేసింది. మొదట గురిపెట్టింది ఎవరి మీదో తెలుసా? 18 నుంచి 35 ఏళ్ళ బ్రిటిష్ కుర్రాళ్ళ మీద. అమెరికన్ల మీద కాదు.

హడ్సన్ గట్టు:
ఇది నాకు తెలీదు, థాంక్సండీ. మరి పాస్‌పోర్టు సంగతి? "ప్రపంచం తెలీదు" అన్న మాట మా అమెరికన్లని బాగా గుచ్చుతుంది.

ఫ్రీమాంట్ తాతగారు:
దాని మీద కాస్త వివరంగా రాస్తా, ఓపికగా చదవండి. 1990 ప్రాంతంలో అమెరికన్లలో నూటికి ఐదుగురి దగ్గర కూడా పాస్‌పోర్టు ఉండేది కాదు. ఇప్పుడు దాదాపు సగం మందికి ఉంది. ఈ మధ్యలో అందరికీ ప్రపంచం మీద ఆసక్తి పుట్టుకొచ్చిందా? కొంత ఉండొచ్చు. కానీ ఒకప్పుడు కెనడాకో మెక్సికోకో వెళ్ళి రావడానికి డ్రైవింగ్ లైసెన్సులాంటిది చూపిస్తే సరిపోయేది. విమానంలో తిరిగి రావాలంటే పాస్‌పోర్టు తప్పనిసరి అయింది 2007లో, రోడ్డు మీద అయితే పాస్‌పోర్టో దానికి సమానమైన కార్డో 2009లో. ఆ దెబ్బతో పాస్‌పోర్టు ఆఫీసుల ముందు క్యూలు కట్టారు.

దూరం కూడా చూడాలి. ఇసార్ గారు కారెక్కితే రెండు గంటల్లో ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ చేరతారు, అదీ విదేశీ ప్రయాణమే. డల్లాస్ బావ పొద్దున్న బయల్దేరి వెయ్యి కిలోమీటర్లు నడిపి సాయంత్రానికి ఎల్ పాసో చేరితే ఇంకా టెక్సస్‌లోనే ఉంటాడు. ఇక సెలవులు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం ఉద్యోగికి ఏడాదికి కనీసం నాలుగు వారాలు జీతంతో సెలవు. అమెరికా ఫెడరల్ చట్టంలో అలాంటిది ఒక్క రోజు కూడా లేదు, కంపెనీ దయ. పది రోజుల సెలవుతో ఏడు దేశాలు చుట్టేవాణ్ణి చూసి నవ్వడం తేలిక.

అజ్ఞానం ఒకవైపే ఉందని కూడా అనుకోకండి. ఇక్కడికి వచ్చే యూరోపియన్లు మ్యాపు చూసి, ఒక్క వారంలో శాన్ ఫ్రాన్సిస్కో, గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్ మూడూ కారులో చూసేస్తామంటారు. అది నవ్వుకునే తప్పు. నవ్వలేనిది కూడా ఉంది. 1996 జులైలో డ్రెస్డెన్ నుంచి వచ్చిన ఒక జర్మన్ కుటుంబం, ఇద్దరు పెద్దలూ ఇద్దరు పిల్లలూ, అద్దె వ్యాన్‌లో డెత్ వ్యాలీలోకి వెళ్ళి కనపడకుండా పోయారు. టైర్లు పోయిన వ్యాన్ అక్టోబరులో దొరికింది. పెద్దవాళ్ళ అవశేషాలు 2009లో గానీ దొరకలేదు. వాటి జాడ పట్టుకున్న వ్యక్తి ఊహ ఏమిటంటే, మ్యాపులో దక్షిణాన సైనిక స్థావరం కనిపించింది కాబట్టి కంచె, గస్తీ ఉంటాయి, ఎవరో ఒకరు కనబడతారని అటు నడిచి ఉంటారని. జర్మనీలో స్థావరం అంటే అలాగే ఉంటుంది. ఇక్కడ దాని సరిహద్దు ఉత్త ఎడారి. ఆ ఊహ నిజమైనా కాకపోయినా, వేసవిలో ఇటు వచ్చే ప్రతి యూరప్ మిత్రుడికీ ఈ సంగతి చెబుతాను.

పారిస్‌లో గుంటూరమ్మాయి:
తాతగారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నాకు ఒక్కటే నవ్వొస్తోంది. అమెరికన్లకి ఇక్కడ 90 రోజులు వీసా అక్కర్లేదు, అక్కడున్న మనవాళ్ళు ఇండియన్ పాస్‌పోర్టుతో గ్రీన్‌కార్డు ఉన్నా షెంజెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) లైన్లో నిలబడాలి. కాళ్ళరిగేలా తిరిగి వీసా తెచ్చుకుని వచ్చాక, వాళ్ళ యాస విని ఇక్కడి వెయిటర్ "అమెరికన్ కదా, ఐస్ కావాలా?" అంటాడు.

సెవిల్ ఎండలు:
ఐస్ కావాలి అనే అంటారు కదా 😄

హడ్సన్ గట్టు:
బాత్రూమ్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. మా కొలీగ్ అసలు కోపం దాని మీదే.

ఇసార్ ఒడ్డున:
ఇక్కడ హైవే పక్కన ఆగితే ఒక యూరో, నిజమే. కానీ అమెరికాలో కూడా ఒకప్పుడు నాణెం వేస్తే తలుపు తెరుచుకునే బాత్రూమ్‌లు ఉండేవి. 1970లలో విద్యార్థులు దాని మీద ఉద్యమమే నడిపారు. మగవాళ్ళకి ఉచితంగా నిలబడే వీలుంది, ఆడవాళ్ళే డబ్బు కట్టాలి, ఇదేం న్యాయం అన్నారు. 1973లో చికాగో నిషేధించింది, తర్వాత చాలా చోట్ల పోయాయి. పోయినవాటి బదులు ఉచితమైనవి మాత్రం పెద్దగా కట్టలేదు. అందుకే మన్‌హాటన్‌లో అవసరం పడితే కాఫీ షాపులో దూరి ఐదు డాలర్ల కాఫీ కొని బాత్రూమ్ తలుపు కోడ్ అడగాలి. మీ కొలీగ్‌ని ఏది చవకో అడగండి.

డల్లాస్ బావ:
అడిగేటప్పుడు ఆ కాఫీకి టిప్పు కూడా కలుపుకోమనండి. స్క్రీన్ తిప్పి చూపిస్తారు, 18, 20, 25 శాతం అని.