పెదనాన్న పెట్టెలో అమెరికా సోల్జర్ పేరున్న కడియం, ఇదేంటండి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మా పెదనాన్న 1972లో అమెరికాలో చదువుకున్నారు, ఆయన పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే ఓ సన్న కడియం దొరికింది, రెండు కొనలూ కలవవు, మీద ర్యాంకు, పేరు, ఒక తేదీ చెక్కి ఉన్నాయి, లోపలివైపు చెమటకి నల్లబడింది, చాలాకాలమే వేసుకున్నట్టున్నారు. ఆ సోల్జర్ వాళ్ళవాళ్ళకి పంపొచ్చా?

జవాబు:
వియత్నాం యుద్ధంలో శత్రువుకి దొరికిపోయిన, ఆచూకీ లేని సైనికుల కోసం వేసుకున్నదండి అది. లాస్ ఏంజిలిస్‌లో వీవా అనే స్టూడెంట్స్ సంస్థ 1970 నవంబర్ 11న మొదలుపెట్టింది, రెండున్నర డాలర్లకి ఇచ్చేవాళ్ళు, 1976 కల్లా దాదాపు 50 లక్షలు పంచారు. ఆ తేదీ కడియం మీద పేరున్న సైనికుడు కనపడకుండా పోయిన రోజు. ఆయన తిరిగొచ్చేదాకా తియ్యకూడదని పట్టు. ముక్కూమొహం తెలీని మనిషి కోసం వేసుకున్నారంటే మీ పెదనాన్నది ఎంత మంచి మనసో.

జవాబు (విజయవాడ):
ముందు వాషింగ్టన్ వియత్నాం గోడ (ఆ యుద్ధంలో పోయిన, ఆచూకీ లేని అమెరికా సైనికుల పేర్లు చెక్కిన స్మారకం) మీద పేరుందేమో నెట్‌లో చూడండి. పక్కన డైమండ్ గుర్తుంటే మరణం ఖాయమైనట్టు, క్రాస్ ఉంటే ఇంకా ఆచూకీ లేనట్టు. అసలు పేరే లేకపోతే 1973లో విడుదలై వచ్చిన 591 మంది అమెరికా ఖైదీల్లో ఉన్నారేమో వెతకండి. దయచేసి చింతపండు పెట్టి తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. చాలామంది ఇలాంటివి కుటుంబాలకి తిరిగిచ్చారు, కాబట్టి పంపండి.

జవాబు:
ఇలా ఆచూకీ లేని మన సైనికులు 54 మంది కూడా ఉన్నారండి, ఎక్కువమంది పాకిస్తాన్‌తో 1971 యుద్ధంలో మిస్సయినవాళ్ళే. వాళ్ళ పేర్లతో కూడా ఇలా కడియాలు చేస్తే నేను మొదట వేసుకుంటా.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి, డైమండ్ ఉంది. కుటుంబం కోసం వెతుకుతున్నా, పెద్దమ్మ కూడా పంపెయ్యమంది.