అప్‌డేట్: 2007 పోర్షే కేమన్ ఎస్ కొన్నాను, తనిఖీలో తేలిన సంగతులు

లక్ష మైళ్లకు దగ్గరపడిన 2007 కేమన్ ఎస్ కొనవచ్చా అని అడిగింది నేనే. కొన్నాను. సమాధానం ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నిజంగా అక్కరకొచ్చిన సలహా: ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించి, కింది నుంచి సిలిండర్లలోకి కెమెరా పెట్టించమన్నది. ఈ 3.4 లీటర్ల ఇంజిన్‌లో అసలు భయం సిలిండర్ గోడలు గీసుకుపోవడమే. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చూస్తే గీతలు పడే చోటు సరిగా కనబడదు. డాలస్‌లో ఈ కార్లే చూసే మెకానిక్ ఒకరు ఒక్కో గోడనూ తెర మీద చూపించారు. ఎక్కడా నిలువు గీత లేదు. పాత ఆయిల్ ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో పెట్టారు. గోడలు అరిగితే రాలే లోహపు తళుకు కనబడలేదు. నా మనసు కుదుటపడింది అప్పుడే.

కొందరు ఐఎంఎస్ బేరింగ్ గురించి హెచ్చరించారు (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసే బేరింగ్ అది, పాత పోర్షేల్లో విరిగితే ఇంజిన్ పాడయ్యేది). ఆ చర్చ ఈ కారుకు అనవసరం. ఇందులో ఉన్నది తర్వాత వచ్చిన పెద్ద బేరింగ్. అది చెడిపోవడం అరుదు, ఇంజిన్‌ను రెండుగా విడదీయకుండా మార్చడమూ కుదరదు.

దొరికిన లోపాలు వయసువే. కూలెంట్ ట్యాంకుకు సన్నని బీట. టైర్లు అరగలేదు కానీ పక్కన 1514 అని ఉంది, అంటే 2014లో 15వ వారం తయారీ. ఆ మేరకు అమ్మినవారు ధర తగ్గించారు. రెండూ మార్పించాను.