అప్‌డేట్: విశాఖ వన్‌టౌన్‌లో మా పాతింటి పువ్వుల గచ్చు

పాత పోస్టాఫీసు దగ్గర మా తాతగారి ఇల్లు పడగొట్టేలోగా, నడవలోని పువ్వుల సిమెంటు బిళ్ళల గచ్చును ఎలా నమోదు చేసి ఉంచుకోవాలని కిందటి నెల అడిగాను కదండీ. పని పూర్తయింది. 3 ఆదివారాలు పట్టింది.

ఫొటోల కంటే కడగడమే పెద్ద పని. యాసిడ్ పోయొద్దని చెప్పినవారికి చేతులెత్తి దణ్ణం. ఇవి కాల్చిన బిళ్ళలు కావు. అచ్చులో రంగు సిమెంటు పోసి, ప్రెస్సులో నొక్కి, నీళ్ళలో నానబెట్టి గట్టిపరిచినవి. పైన రంగు పొర కొన్ని మిల్లీమీటర్లే, యాసిడ్ దాన్ని తినేస్తుంది. సబ్బునీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు, మెరూన్ రంగు ఎంత బాగా తేలిందో!

బిళ్ళ 8 అంగుళాల చదరం. 4 కలిస్తేనే ఒక పువ్వు. అందుకే నాలుగేసి బిళ్ళలకు ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి, సరిగ్గా పైనుంచి తీశాను. తర్వాత అంచు వరసలతో సహా నడవంతా గళ్ళ కాగితం మీద గీశాను. నాయనమ్మ తిరగలి వేసుకు కూర్చునే చోట పువ్వు పూర్తిగా అరిగిపోయింది. దాన్నీ అరిగినట్టే గీశాను.

మేస్త్రీ 12 బిళ్ళలు పగలకుండా ఊడదీసి ఇచ్చాడు. కొత్తింట్లో దేవుడి గదికి అవే.