మొదటి బౌట్‌లోనే ఓడిన కిమియా అలీజాదేకి పారిస్‌లో కంచు ఎలా వచ్చింది?

కొత్త_ప్రేక్షకురాలు:
పారిస్ ఒలింపిక్స్ తైక్వాండో ఆడవాళ్ల 57 కిలోల డ్రా (ఎవరికి ఎవరితో పోటీ అనే పట్టిక) ఇప్పుడు తీరిగ్గా చూస్తున్నా. కిమియా అలీజాదే మొదటి బౌట్‌లోనే ఇరాన్ అమ్మాయి నాహీద్ కియానీ చేతిలో ఓడిపోయింది, తీరా పతకాల లిస్టులో చూస్తే కంచు దగ్గర ఆమె పేరే ఉంది! ఓడినవాళ్లకి పతకమేంటి? పైగా పేరు పక్కన రియోలో ఇరాన్, టోక్యోలో శరణార్థుల జట్టు, పారిస్‌లో బల్గేరియా అని ఉంది. అన్నిట్లోనూ ఒకే అమ్మాయేనా?

నీలం_హోగు:
ఒకే అమ్మాయండీ. 2016లో రియోలో కంచు గెలిచేనాటికి ఆమెకి 18 ఏళ్లు, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి ఇరాన్ మహిళ ఆమే. 2020 జనవరిలో దేశం వదిలేశానని ప్రకటించింది, తప్పనిసరి హిజాబ్ గురించీ, తన గెలుపుల్ని ప్రభుత్వం ప్రచారానికి వాడుకోవడం గురించీ దాచుకోకుండా రాసింది. తర్వాత జర్మనీలో ఉంటూ శరణార్థుల జట్టు తరఫున టోక్యోకి వెళ్లింది, 2024లో బల్గేరియా పౌరసత్వం వచ్చింది.

ఇక పతకం సంగతి. దీన్ని రెపిచేజ్ అంటారు, రెజ్లింగ్ చూసేవాళ్లకి అలవాటే, రియోలో సాక్షి మలిక్ కంచు కూడా ఇలా వచ్చిందే. మిమ్మల్ని ఓడించినామె ఫైనల్‌కి వెళ్తే మీకు ఇంకో అవకాశం ఉంటుంది. కియానీ ఫైనల్ చేరింది కాబట్టి అలీజాదే మళ్లీ బరిలోకి వచ్చింది, రెపిచేజ్ బౌట్ గెలిచి, అవతలి సెమీస్‌లో ఓడిన చైనా అమ్మాయి లువో జోంగ్‌షీని కూడా ఓడించింది. రెండు కంచులు ఇస్తారు, ఒకటి ఈమెది.

మూడో_రౌండ్:
నాకైతే ఈ పద్ధతి అస్సలు నచ్చదు. క్వార్టర్స్ దాకా కష్టపడి వచ్చి, సెమీస్‌లో ఆగిపోయే వాళ్ల చేతిలో ఓడితే ఖాళీ చేతులే, మొదటి బౌట్‌లోనే ఓడినామెకి మాత్రం పతకం. లక్ కాకపోతే ఏంటి?

నీలం_హోగు:
బ్రో, లక్ అనే ముందు టోక్యో డ్రా ఒకసారి తెరువు. అక్కడా మొదటి బౌట్ కియానీతోనే, 18-9తో అలీజాదే గెలిచింది. తర్వాత 2012, 2016 బంగారాలు రెండూ తనవే అయి మూడో దానికోసం వచ్చిన బ్రిటన్ ఛాంపియన్ జేడ్ జోన్స్‌ని 16-12తో పంపించేసింది. చైనా అమ్మాయి జౌ లిజున్‌ని 9-8తో, ఒక్క పాయింట్ తేడా! సెమీస్‌లో రష్యా అమ్మాయి మినీనా చేతిలో ఆగిపోయింది, కంచు బౌట్ 8-6తో టర్కీ అమ్మాయికి పోయింది. వరసగా ముగ్గుర్ని కొట్టి పతకం లేకుండా ఇంటికి. అలీజాదే ఫైనల్ చేరలేదు కాబట్టి ఇదే రూల్ కియానీకీ, జోన్స్‌కీ కూడా రెండో అవకాశం ఇవ్వలేదు. అలాంటప్పుడు పారిస్ కంచుని పట్టుకుని లక్ అంటే ఎలా?

పాత_బెల్టు:
బరువు సంగతి ఎవరూ అనలేదు. 2017 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో ఈమెకి వెండి వచ్చింది 62 కిలోల్లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి నాలుగే విభాగాలు: 49, 57, 67, ఆ పైన. మధ్యలో ఉన్నవాళ్లు బరువు తగ్గి కింది విభాగానికి దిగనైనా దిగాలి, లేదా తమకన్నా బరువైన వాళ్లతో తలపడాలి. ఈమె 57కి దిగుతుంది. అంత పొడుగు మనిషి అంత తక్కువ బరువులో ఆడుతుంటే, ముందు కాలు అలా గాల్లోకి లేపి ఉంచితే చాలు, ఎదుటివాళ్లకి దగ్గరికి రావడమే పెద్ద టెన్షన్. దూరం నుంచే తలకి తగిలిస్తే మూడు పాయింట్లు, పొట్టకి రెండు, పంచ్‌కి ఒక్కటే, కాబట్టి పొడుగు కాళ్లున్నవాళ్లదే పైచేయి. అయితే తిండి తగ్గించి, నీళ్లు తగ్గించి దిగినవాళ్లు ఒకేరోజు నాలుగైదు బౌట్లు ఆడాలంటే నరకమే, చూసేవాళ్లకి అది కనిపించదు.

కొత్త_ప్రేక్షకురాలు:
ఓహో, ఇప్పుడర్థమైంది, థాంక్సండీ. మరి టోక్యోలో 18-9 లాంటి స్కోర్లుంటే పారిస్‌లో 2-0, 2-1 అని ఉన్నాయేంటి? కియానీకి ఫైనల్లో ఏమైంది?

పాత_బెల్టు:
టోక్యోలో మూడు రౌండ్ల పాయింట్లూ కలిపేవాళ్లు. ఆ తర్వాత మార్చారు, ఇప్పుడు ఏ రౌండ్‌కి ఆ రౌండ్ లెక్క, రెండు గెలిస్తే బౌట్ మీదే. ఫైనల్లో కియానీ కొరియా అమ్మాయి కిమ్ యూజిన్ చేతిలో 2-0తో ఓడింది. కిమ్ అప్పటికి ర్యాంకింగ్స్‌లో 24వ స్థానం, సెమీస్‌లో లువోని ఓడించింది కూడా ఆమే. అయినా ఒలింపిక్స్‌లో ఇరాన్ మహిళలకి వచ్చిన మొదటి వెండి కియానీదే.