నైరోబీలో వృత్తి శిక్షణ సదస్సు: కుర్రాళ్లకు కబురు ఎలా చేరేయాలి?

ప్రశ్న:
నమస్కారమండి. నైరోబీలో ఒక శిక్షణ కేంద్రంలో వెల్డింగ్ నేర్పుతాను. ఆఫ్రికా యువత, వృత్తి శిక్షణ, ఉపాధి మీద వచ్చే నెల సదస్సు పెడుతున్నాం. ప్రచారం నా మీద పడింది. ఈమెయిల్ పంపగానే అధికారులూ, సంస్థలవాళ్లూ పేర్లు రాయించుకున్నారు. పని కావాల్సిన పిల్లలు మాత్రం ఒక్కరూ లేరు. వాళ్లు రాని సదస్సు ఎవరి కోసమండీ? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నైరోబీలోనే ఉన్న కముకుంజి బజారుకి వెళ్లండి. అక్కడ రేకులు కొట్టి ట్రంకు పెట్టెలు, బొగ్గు పొయ్యిలు చేసేవాళ్లను 'జువా కాలీ' అంటారు, స్వాహిలీలో మండుటెండ అని. పని నేర్చుకునే కుర్రాళ్లు మేస్త్రీ పక్కనే ఉంటారు. ఆ సుత్తుల మోతలో పోస్టర్ ఎవరూ చదవరు. ముందు మేస్త్రీని ఒప్పించండి, ఆయన పంపితేనే కుర్రాడు వస్తాడు. ఆ రోజు కూలీ పోతుంది కదా, మటాటు (ఇక్కడి మినీబస్సు) ఛార్జీ, భోజనం మీరే ఇస్తామని కరపత్రంలో మొదటి లైన్లోనే రాయండి.

జవాబు 2:
నాకిక్కడ హార్డ్‌వేర్ కొట్టు ఉంది. కరపత్రం స్వాహిలీలో వేయండి. 'నైపుణ్యాభివృద్ధి' లాంటి పెద్ద మాటలొద్దు, ట్రేడ్ టెస్ట్ గురించి, అంటే చేతిపనికి ప్రభుత్వం పెట్టే పరీక్ష గురించి చెప్తామనండి. చదువు లేకపోయినా చేతిపని వస్తే అన్నిటికంటే కింది గ్రేడ్ 3తో మొదలుపెట్టి పై గ్రేడ్ 1 దాకా వెళ్లొచ్చు. మా కొట్టుకొచ్చే ఫిట్టర్ ఒకతను ఆ సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్లో మడిచి చొక్కా జేబులోనే ఉంచుకుంటాడు. అలాంటివాడిని వేదిక మీద మాట్లాడించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్సండి. శనివారం పొద్దున్నే కముకుంజి వెళ్తున్నాను. ఆ ఫిట్టర్‌ని ఒకసారి అడిగి పెట్టగలరా?