సంక్రాంతికి, ధ్రువనక్షత్రానికి ఏం సంబంధం? భూమి అక్షం గురించి ఒక సందేహం

కొండకింద (తిరుపతి):
ఉత్తరాయణం డిసెంబరు 21, 22లోనే మొదలవుతుందని సైన్సు చెబుతుంది. మనమేమో సంక్రాంతికి చేసుకుంటాం. ఈ తేడాకు భూమి అక్షం కదలడమే కారణమంటారు. అంత పెద్ద భూమిని కదిపేదేంటి? ఇంకోటి, అలిపిరి దగ్గర మిద్దె మీద నుంచి ధ్రువనక్షత్రం ఎంత వెతికినా దొరకడం లేదు. యాడ చూడాలన్నా?

బొంగరం:
కదిపేది చంద్రుడు, సూర్యుడు. మూడింట రెండు వంతులు చంద్రుడి పనే. సౌరకుటుంబం పుట్టిన మేఘం కుంచించుకున్నప్పుడు వచ్చిన తిరుగుడు భూమికి ఇంకా ఉంది. దానివల్ల నడుము ఉబ్బింది: వ్యాసార్ధం భూమధ్యరేఖ దగ్గర 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఆ ఉబ్బును పట్టుకుని చంద్రుడు, సూర్యుడు 23.4 డిగ్రీలు వాలిన అక్షాన్ని నిటారుగా నిలపాలని లాగుతారు. తిరిగే వస్తువు లాగిన వైపు రాదు, దానికి అడ్డంగా జరుగుతుంది. అందుకే వాలు దాదాపు అలాగే ఉండి, అక్షం కొస ఆకాశంలో గుండ్రంగా చుట్టి వస్తుంది. ఒక చుట్టుకు సుమారు 25,800 ఏళ్లు.

బొంగరం పోలిక అందరూ చెబుతారు గానీ అందులో ఒక తిరకాసుంది. బొంగరాన్ని బరువు పడదోయబోతుంది, భూమిని ఈ లాగుడు నిలబెట్టబోతుంది. కాబట్టి బొంగరం తల అది తిరిగే వైపే చుట్టుతుంది, భూమి అక్షం ఎదురువైపు.

వికల:
సంక్రాంతి లెక్క: సంక్రాంతిని చుక్కలను బట్టి లెక్కిస్తాం. అక్షం చుట్టడం వల్ల ఉత్తరాయణం మొదలయ్యే చోటు చుక్కల మధ్య ఏడాదికి 50.3 వికలలు (వికల అంటే డిగ్రీలో 3,600వ వంతు) జరుగుతుంది, అంటే సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ. ఇలా పేరుకున్న తేడానే అయనాంశ అంటారు; లాహిరి అనే పద్ధతి లెక్కలో అది సున్నా అయింది క్రీ.శ. 285 ప్రాంతంలో. ఇప్పుడది 24 డిగ్రీలు దాటింది. సూర్యుడు రోజుకు సుమారు ఒక డిగ్రీ నడుస్తాడు, తేడా అక్కడ సరిపోయింది. ఇంగ్లీషు క్యాలెండర్లో సంక్రాంతి 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతుంది. ఒక ఏడు 14, ఇంకో ఏడు 15 అని ఊగేది మాత్రం లీపు సంవత్సరాల వల్ల. ఈ రెండూ కలిపేసి వాదించుకునేవాళ్లే ఎక్కువ!

చుక్కలదారి (చిత్తూరు):
ధ్రువనక్షత్రం ఎత్తు మీ అక్షాంశమంతే, తిరుపతిలో సుమారు 13.6 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి పెడితే 10 డిగ్రీలు, ఒకటిన్నర పిడికిలి కంటే తక్కువే. మీకు ఉత్తరాన కొండ అడ్డం. 700 మీటర్ల కొండ అంచు 2.8 కిలోమీటర్ల లోపు ఉంటే చాలు, చుక్క దాని వెనకే. తిరుచానూరు వైపు వెళ్లి చూడండి. వానపడి తేరుకున్న రాత్రి మేలు, అంత కిందున్న చుక్కను మసకే మింగేస్తుంది.

అక్షం కదలిక కంటికి ఆనదు. ధ్రువం, అంటే అక్షం ఆకాశంలో గురిపెట్టే చోటు, ఏడాదికి 20 వికలలే జరుగుతుంది, నిండు చంద్రుడి వెడల్పు దాటడానికి వందేళ్లు పడుతుంది. టెలిస్కోపు ఉంటే మాత్రం తగులుతుంది: 2000 నాటి పటంలోని స్థానాలు సవరించకుండా కొడితే గురి డిగ్రీలో మూడో వంతు దాకా తప్పుతుంది. ఎక్కువ జూమ్‌లో చుక్క కనబడకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

కొండకింద:
2004 సుమత్రా భూకంపానికి అక్షం వంగిందన్నారే, అది?

బొంగరం:
అది వేరే. అక్కడ ద్రవ్యరాశి సర్దుకుని, భూమి ఒంటి మీద ధ్రువం చోటు సుమారు 2.5 సెంటీమీటర్లు జరిగిందని లెక్కగట్టారు. చుక్కల మధ్య అక్షం దిశ మారలేదు. భూకంపం లేకున్నా ఆ చోటు సుమారు 433 రోజులకోసారి కొన్ని మీటర్ల మేర ఊగుతూనే ఉంటుంది.