సూపర్‌వైజర్ల ట్రైనింగ్ పనికొచ్చిందో లేదో ఎలా చూస్తున్నారు?

పరవాడ_ఫార్మా: మా ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జులకు కాంపిటెన్సీ ట్రైనింగ్ (పని సామర్థ్యం పెంచే శిక్షణ) అయిపోయింది. చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో దాదాపు అందరూ ఐదుకి ఐదు వేశారు. రిపోర్టు ఇవ్వాల్సింది నేను. ఆ మార్కులు చూపించి సరిపెట్టడం ఇష్టం లేదు. మీ దగ్గర ఏం చూస్తారు?

గాజువాక_క్వాలిటీ: ఫారంలో తేలేది నచ్చిందా లేదా అన్నదేనండి. ట్రైనింగ్ ఫలితం కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లోనే నాలుగు మెట్లు చెప్పారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, సంస్థకు ఫలితం వచ్చిందా. చాలాచోట్ల మొదటి మెట్టు దాటరు. మేం మూడో మెట్టు కోసం షిఫ్ట్ హ్యాండోవర్, అంటే దిగేవాళ్లు వచ్చేవాళ్లకి పని అప్పగించడం, పట్టుకున్నాం. అంతకుముందు లాగ్‌బుక్‌లో ‘అంతా నార్మల్’ అని రాసి వెళ్లిపోయేవారు. కొన్ని నెలలయ్యాక అదే పుస్తకం తిరగేశాం. ఏ పంపు సీల్ కారుతోంది, ఏ పని పర్మిట్ (అనుమతి పత్రం) ఇంకా క్లోజ్ కాలేదు, కొత్త కుర్రాణ్ణి ఎవరి పక్కన పెట్టారు, ఇవన్నీ కొందరు రాస్తున్నారు. కొందరు వారం రాసి మానేశారు. మీకూ పాత లాగ్‌బుక్‌లు ఉంటాయి కదా, వాటినే తీయించండి.

దువ్వాడ_లైన్‌లీడర్: నేను ట్రైనింగ్ తీసుకున్నదాన్ని. పుస్తకం ఒక్కటే చూస్తే చాలదు సార్, కింద పనిచేసేవాళ్లనీ అడగండి. తప్పు జరిగితే కారణం అడుగుతున్నారా, అందరి ముందు అరుస్తున్నారా? పేర్లు రాయించకుండా అడిగితే నిజం చెబుతారు. ఇంకో బాధ ఉంది. డిఫెక్ట్ కనిపిస్తే లైన్ ఆపమని క్లాసులో నేర్పారు. ఆపిన వెంటనే పైనుంచి ఫోన్, ‘టార్గెట్ ఎవరిస్తారు?’ అని. ఇక నేర్చుకున్నది ఎక్కడ వాడాలి? దానికి కూడా సూపర్‌వైజర్‌కే మార్కులు తగ్గిస్తే అన్యాయం.

ఆటోనగర్_షాప్‌ఫ్లోర్: రిజెక్షన్ తగ్గిందని మా దగ్గర మొత్తం ట్రైనింగ్ ఖాతాలో వేశారు. అదే నెలలో డై (అచ్చు) కూడా మార్చారు! ట్రైనింగ్‌కి వెళ్లని షిఫ్ట్‌లోనూ అంతే తగ్గింది. వీలైతే బ్యాచులుగా పంపండి, వెళ్లనివాళ్లతో పోల్చొచ్చు.

పరవాడ_ఫార్మా: మా వాళ్లందరూ ఒకేసారి వెళ్లారు, పోలిక కుదరదు. లాగ్‌బుక్‌లు రేపే తీయిస్తాను. మేడమ్, మీ మాట రిపోర్టులో పెడుతున్నా. సూపర్‌వైజర్ పని ఆపినప్పుడు మీరేం చేశారని పై మేనేజర్లనీ అడుగుతాను.

గాజువాక_క్వాలిటీ: ఇంకొకటి. ట్రైనింగ్ తర్వాత నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టులు పెరిగితే మేనేజ్‌మెంట్ కంగారు పడుతుంది. దాచకుండా రాయడం మొదలుపెట్టినా అవి పెరుగుతాయి. గాయాల లెక్క పక్కనే పెట్టి చూపించండి.